‘నావిగేట్’ క్రియయు ఎగువ గోదావరియు

పందొమ్మిదవ శతాబ్దపు ఆంగ్ల నివేదికలను చదువువారికి ఎగువ గోదావరి ప్రసక్తి వచ్చినచోటనెల్ల ‘నావిగబుల్’, ‘నావిగేషన్’ అను మాటలు కనబడుచునే యుండును. వీనిని మనము ‘నౌకాయానయోగ్యము’, ‘నౌకాయానము’ అని తెనిగించుచున్నాము. అటుపిమ్మట ఆ తెలుగు మాటలనే ఆధారముగా గొని, కరీంనగరు, ఆదిలాబాదు సీమలలో గోదావరి పూర్వమొక గొప్ప పడవల బాటగా నుండెనని తలంచుట కలదు. ఈ తలంపు సరియైనది కాదని మా అభిప్రాయము. పొరపాటు నదియందు లేదు, నివేదికలయందును అంతగా లేదు, క్రియాపదమునందున్నది. కావున ముందుగా ఆ క్రియను విడదీసి చూచి, పిదప దానిని నదియొడ్డునకు గొనిపోవుదము.

కరీంనగరు, ఆదిలాబాదు అనునపుడు పాత జిల్లాలనే ఉద్దేశించుచున్నాము. 2016లో ఇవి రెండును పలు జిల్లాలుగా విభజింపబడగా ధర్మపురి జగిత్యాలలోను, మంథని పెద్దపల్లిలోను, చెన్నూరు మంచిర్యాలలోను, కాళేశ్వరము జయశంకర్ భూపాలపల్లిలోను చేరినవి. పాత లెక్కన గోదావరికి దక్షిణపుటొడ్డు కరీంనగరు, ఉత్తరపుటొడ్డు ఆదిలాబాదు. నది ఈ రెంటికిని నడుమ హద్దుగా నుండెనను సంగతి మా వాదమునకు మిక్కిలి అవసరము.

‘నావిగేట్’ అను క్రియ పదునారవ శతాబ్దపు చివరి భాగమున ఆంగ్లమున వాడుకకు వచ్చినది. దానికి మూలము లాటిను భాషలోని ‘నావిగారె’. ఇందు రెండు భాగములు గలవు. ‘నావిస్’ అనగా ఓడ. ‘అగెరె’ అనగా తోలుట. మొదటి భాగము మనకు క్రొత్తది కాదు. సంస్కృతమున ‘నౌ’, గ్రీకున ‘నౌస్’, లాటినున ‘నావిస్’ ఒక్క కుదురునుండి పుట్టినవి. సంస్కృతమునుండి మనము ‘నావ’ను తెచ్చుకొంటిమి. ఆంగ్లములో నౌకాదళమునకు పేరైన ‘నేవీ’యు ఈ కుటుంబములోనిదే. వాంతి వచ్చునట్లుండుటను తెలుపు ‘నాసియా’ అను వైద్యుల మాటయు ఇందులోనిదే. గ్రీకులకు అది మొదట ఓడ ప్రయాణమున కలుగు వికారము.

రెండవ భాగమునకును సంస్కృతమున చుట్టము కలదు. వేదభాషలో ‘అజ్’ ధాతువునకు తోలుట అర్థము. ముఖ్యముగా పశువులను తోలుట. కావున ‘నావిగేట్’ అనగా అక్షరార్థమున ‘ఓడను తోలు’ అని. కరీంనగరు రైతు ఎడ్లను తోలును, బండిని తోలును. నేడు కారును గూడ తోలుచున్నాడు. లాటినువారు ఓడను తోలిరి. తోలుటయందు తోలెడివాని ఇచ్ఛ ప్రధానము. ఎద్దు తనంతట తాను ఇంటికి వచ్చినచో దానిని ఎవ్వరును తోలినట్లు కాదు. బండి పల్లమునకు జారిపోయినను తోలినట్లు కాదు. పోవలెనన్న దిక్కునకు పోగలుగుట, మరల రావలెనన్నచో రాగలుగుట తోలుటకు లక్షణములు. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొన గోరెదము.

ఇంగ్లండులో ఈ క్రియకు కలిగిన పరిణామము నొకదానిని ఇచట చెప్పవలసియున్నది. ఏలయన గోదావరిని గూర్చిన నివేదికలు ఆ పరిణామము జరిగిన పిదప వ్రాయబడినవి. పదునెనిమిదవ శతాబ్దమున ఆ దేశమునందు నదులను లోతుచేసి, లాకులు కట్టి, కాలువలు త్రవ్వి సరకుల పడవలను విరివిగా నడపసాగిరి. ఈ వ్యవహారమునకెల్ల ‘ఇన్లాండ్ నావిగేషన్’ అని పేరు. క్రమముగా ‘నావిగేషన్’ అను మాట పడవ నడపుటకే గాక, త్రవ్విన కాలువకును, బాగుచేసిన నదికిని పేరైపోయినది. యార్కుషైరులోని ‘ఎయిర్ అండ్ కాల్డర్ నావిగేషన్’ అట్టి పేరే. ఆ కాలువలు త్రవ్విన కూలీలను ‘నావిగేటర్లు’ అని పిలిచిరి. అది కురుచయై పందొమ్మిదవ శతాబ్దమున ‘న్యావీ’ అయినది. పడవ నెన్నడును ఎక్కని మట్టిపనివాడు ఈ విధముగా నావికుడైనాడు. కావున ఒక ఆంగ్లేయ ఇంజనీరు ఒక నదికి ‘నావిగేషన్’ అని వ్రాసినపుడు, అచట పడవలు నడచుచున్నవని అర్థము చేసికొనరాదు. నడపుటకు వలసిన త్రవ్వకము, కట్టడము అని అతని భావము కావచ్చును. మన అనువాదములలో ఈ భేదము అణగిపోవుచున్నది.

ఇక మన వైపు చూతము. ‘నావిగబుల్’ అనుటకు సంస్కృతమున సరిగా సరిపోవు మాట యున్నదని కోశములు చూచినవా రందురు, అది ‘నావ్యము’. మొదటి సగమున ఇది లాటిను మాటకు తోబుట్టువే. కాని పాణిని చతుర్థాధ్యాయమున ఈ పదమును సాధించుచు దానికి చెప్పిన అర్థము వేరు: నావచేత తరింపదగినది, అనగా దాటదగినది. అమరసింహుడును వారివర్గమున ఆ అర్థమునే చెప్పినాడు. అచటనే ఓడకు పర్యాయములుగా ‘తరణి’, ‘తరి’ అను పదములను చేర్చినాడు. ఇవి రెండును దాటుటను తెలుపు ‘తౄ’ ధాతువునుండి పుట్టినవి. రేవుకూలికి ఆయన చెప్పిన ‘ఆతరము’ అను పేరును అట్టిదే. ‘తీర్థము’ అను పదమునకును మూలార్థము నదిని దాటు చోటు. స్నానఘట్టము, పుణ్యక్షేత్రము అను అర్థములు అటుపిమ్మట వచ్చినవి. చివరకు జన్మ కడతేరుటకును ‘తరించుట’ అనియే పేరు.

లాటినువాడు ఓడను చూచి ‘తోలు’ అను క్రియను తలచుకొనగా, మన శాబ్దికులు ఓడను చూచి ‘దాటు’ అను క్రియను తలచుకొనిరి. ఒకటి నది పొడవున పోవు చూపు. రెండవది నది వెడల్పున పోవు చూపు. సంస్కృతమున నదివెంబడి లేదా సముద్రముపై పోవుటకు మాటలు లేవని మా అభిప్రాయము కాదు. ‘యా’ ధాతువునుండి ‘యానము’ కలదు, ‘నావికుడు’ కలడు. అయినను ‘నావ్యము’ అను యోగ్యతావాచకమును నిర్ణయించునపుడు వైయాకరణుడు ఎంచుకొన్న క్రియ దాటుటయే. ‘నావిగబుల్’కు ‘నావ్యము’ అని వ్రాసి సమానార్థకమని యూరకుండువారు ఈ సంగతిని విడిచిపెట్టుచున్నారు.

తెలుగునకు స్వంతమైన మాటలును ఉన్నవి. పడవ, ఓడ, తెప్ప అనునవి తమిళ కన్నడములతో మనము పంచుకొన్న ద్రావిడపదములు. ఓడను తమిళులు ‘ఓడమ్’ అందురు. ‘తెరచాప’లోని ‘చాప’, గాలికి ఎత్తినది ఒకప్పుడు గుడ్డ కాదు, అల్లిన చాప యని చెప్పుచున్నది. ఆంగ్లమున తెరచాపకు పేరైన ‘సెయిల్’ అనునదే క్రియయు నగును. ఆవిరియోడలు వచ్చి చాపలు పోయిన తరువాతను వారు ‘సెయిల్’ చేయుచునే యున్నారు. తెలుగు అట్లు తెరచాపనుండి క్రియను చేయలేదు. పడవను ‘నడుపు’దుము, అనగా నడచునట్లు చేయుదుము. తెడ్డు వేయుదుము, గడ వేయుదుము.

కోస్తాలోని ఓడమాటలలో కొన్నింటిని విదేశములనుండి వచ్చిన ఓడలే తెచ్చినవి. ‘లంగరు’ పారసీకము. ‘సరంగు’ పారసీకమందలి ‘సర్‌హంగ్’. ‘కళాసి’ అరబ్బీనుండి వచ్చినది. ‘చుక్కాని’ని చుక్కలను చూచి దారి తెలిసికొనుటతో ముడిపెట్టుట కలదు గాని, అది అరబ్బీలో ఓడ వెనుకటి పలకకు పేరైన ‘సుక్కాన్’ మాత్రమే. దిగువ గోదావరిపై తిరుగు ‘లాంచీ’ యింకను చిత్రమైనది. ఓడను నీటిలోనికి త్రోయుటను తెలుపు ఆంగ్లక్రియ ‘లాంచ్’ ఈటెను విసరుటను తెలుపు ఫ్రెంచిమాటనుండి రాగా, చిన్నపడవకు పేరైన ‘లాంచ్’ మలయాభాషనుండి పోర్చుగీసువారి ద్వారా ఆంగ్లమున చేరినది. ఈ రెంటికిని ఉచ్చారణలో తప్ప చుట్టరికము లేదు.

ఈ మాటలన్నియు సముద్రమువి, దిగువ గోదావరివి. దుమ్ముగూడెమునకు పైని నది భాష వేరు. ఉత్తర తెలంగాణమున గోదావరిని జనులు ‘గంగ’ అందురు. గంగ ఇవతల, గంగ అవతల, గంగ దాటి పోయినాడు, గంగ నిండుగ పోవుచున్నది: వాడుక ఇట్లుండును. పిల్లనిచ్చుట, పశువుల సంతకు పోవుట, ధర్మపురి నరసింహుని దర్శించుట, కాళేశ్వరమున ఒక్క పానవట్టముపై నున్న రెండు లింగములను సేవించుట, వీనిలో ఏ పనికైనను ఆదిలాబాదువాడు గంగ దాటవలసినదే. కాళేశ్వరమున కెదుటనున్న సిరొంచ నేడు మహారాష్ట్రములోనిదైనను అచట తెలుగు వినబడుచునే యుండును. వంతెన పడువరకును ఆ రెండూళ్ల రాకపోకలకు పడవయే ఆధారము. వర్షకాలమున నాటుపడవ, వేసవిలో పెక్కుచోట్ల ఇసుకయు మోకాటిలోతు నీరును. గంగపుత్రులు, బెస్తవారు ఈ రేవులను ఎరిగినవారు. వారి పనిముట్టు గడ. గడకు అడుగు తగులు నీటిలోనే అది పనిచేయును. పొడవున పోవు ప్రయాణమునకు నమ్మదగిన లోతు ఈ నదికి సంవత్సరము పొడుగున లేదు.

లోతు ఒక్కటే అడ్డు గాదు. వార్ధా, వైనగంగలు కలసి ప్రాణహితయై ఆదిలాబాదు తూర్పుహద్దున ప్రవహించి కాళేశ్వరమున గోదావరిలో కలియును. మరికొంత దిగువను ఇంద్రావతి కలియును. ఈ జలరాశికి అడ్డముగా మూడుచోట్ల రాతి మెట్టలు కలవు. మొదటిది భద్రాచలమునకు ఎగువను దుమ్ముగూడెము కడ. రెండవది పాత కరీంనగరు జిల్లా మహాదేవపురము సీమలోని ఇంచంపల్లి కడ. మూడవది ప్రాణహితపై, ఆదిలాబాదు తీరమున కెదుట, దేవలమర్రి కడ. ఆంగ్లనివేదికలలో వీనిని ‘బ్యారియర్లు’ అని వరుసపెట్టి లెక్కించిరి. ఆ వరుస చూడుడు: సముద్రమునుండి పైకి పోవువానికి ఏది మొదటిదో అదియే ‘మొదటి’ బ్యారియరు. పడవను ఎదురునీటికి తోలవలెనను సంకల్పము ఆ లెక్కింపునందే యున్నది. మంథనివాడు లెక్కించియుండినచో ఇంచంపల్లి రెండవది కాకపోవును.

ఈ సంకల్పమునకు ఆద్యుడు ఆర్థర్ కాటన్. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో ముగిసినది. 1854లో ప్రకటించిన ‘పబ్లిక్ వర్క్స్ ఇన్ ఇండియా’ అను గ్రంథమున ఆయన ఇనుపదారులకంటె నీటిదారులు చౌక యని గట్టిగా వాదించెను. బీరారు, నాగపురము సీమల ప్రత్తిని వార్ధా, ప్రాణహిత, గోదావరుల మీదుగా తూర్పుతీరమునకు దింపవలెనని ఆయన వర్గమువారి కోరిక. ఎఫ్. టి. హేగ్ ఈ నదిని పరిశీలించి 1856లో నివేదిక యిచ్చెను. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము ప్రారంభమై లాంకషైరు మిల్లులకు ప్రత్తి కరవు కాగా, బీరారు ప్రత్తిపై ఇంగ్లండు దృష్టి మరింత నిలిచినది.

నదిని బాటగా చేయుటకు ఇంజనీరులే గాక ఒడంబడిక వ్రాయువారును పూనుకొనిరి. 1860 నాటి ఒడంబడికచే నిజాము గోదావరికి ఎడమయొడ్డుననున్న సిరొంచ, నూగూరు, చెర్ల, భద్రాచలము మొదలగు తాలూకాలను బ్రిటిషువారికి విడిచెను. అందుకు మారుగా రాయచూరు, ధారాశివ జిల్లాలు ఆయనకు తిరిగి వచ్చినవి. రెండు ప్రభుత్వములకు హద్దైనంతమేర నదిపై ‘నావిగేషన్’ స్వేచ్ఛగా జరుగవలెననియు, పైకిగాని క్రిందికిగాని పోవు సరకుపై సుంకము పుచ్చుకొనరాదనియు అందు నిర్ణయించిరి. పైకి, క్రిందికి: తోలు క్రియకు రెండు దిక్కులును ఇందు చేరినవి. దాటుటను గూర్చి ఆ ఒడంబడికకు పట్టింపు లేదు. క్రొత్తగా వచ్చిన సీమను ‘అప్పర్ గోదావరి జిల్లా’ అని పేర్కొని సిరొంచను దానికి ముఖ్యపట్టణము చేసిరి. ఒక జిల్లా తన ఊరి పేరునుగాక ఒక నదీభాగపు పేరును ధరించుట ఆ కాలపు ఆశలకు గుర్తు. 1874లో ఆ జిల్లాయే రద్దైనది.

ఏలయన అంతకు మునుపే పని ఆగిపోయినది. దుమ్ముగూడెము కడ ఆనకట్టయు, లాకులును, కాలువయు కట్టబడినవి. ఇంచంపల్లి, దేవలమర్రిల కడ పని కొనసాగలేదు. జ్వరములు, కూలీల కొరత, ఏటేట వచ్చు వరద మొదలగునవి ఆలస్యమునకు కారణములు. కాని మూలమునే నరికినది రైలు. బొంబాయినుండి గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైలు 1867లో నాగపురము చేరగా, ప్రత్తి పడమటికి తిరిగినది. 1871లో ప్రభుత్వము ఎగువ గోదావరి పనులను విడిచిపెట్టినది. ఆ మీదట 1929లో కాజీపేట బల్లార్షా మార్గము పూర్తియై రైలు మన సీమకును వచ్చినది; అది మంచిర్యాల కడ గోదావరిని వంతెనపై దాటినది. ఉక్కుబండియు ఇచట పాతక్రియనే పాటించినది.

ఇప్పుడు పూర్వచరిత్రకు వత్తము. పెద్దవాగు గోదావరిలో కలియు కోటిలింగాలలో శాతవాహన రాజైన సిముకుని నాణెములును, అంతకు ముందటి గోబద మొదలగు వారి నాణెములును దొరకినవి. తరువాతి శాతవాహనులు రెండు కొయ్యల ఓడను ముద్రించిన నాణెములును వేసిరి. ఈ రెండు సంగతులను జోడించి, ఓడలు కోటిలింగాలవరకు వచ్చెడివని ఊహించుట సులభము. కాని ఓడ నాణెములు తూర్పుతీరమువి. నడుమ మూడింటిలో రెండు మెట్టలు కలవు. రేవు పట్టణము కానక్కరలేకయే ఒక పట్టణము నదియొడ్డున పెరుగవచ్చును. బాటసారులు నదిని దాటుచోట సంతయు, సుంకపుచావడియు, గుడియు, కోటయు వెలయుట లోకమున సర్వసాధారణము. కోటిలింగాల, ధర్మపురి, మంథని, చెన్నూరు, కాళేశ్వరములను రేవుపట్టణములుగా గాక తీర్థములుగా, ఆ పదపు మొదటి అర్థమున, దాటుచోటులుగా చూచినచో వాని స్థానములకు తగిన కారణము కనబడునని మా ఊహ. తవ్వకములు దీనికి విరుద్ధమైన సాక్ష్యమును తెచ్చినచో మా ఊహను మార్చుకొనుటకు సిద్ధముగా నున్నాము.

మా వాదమున కొక ఆక్షేపణ కలదు. ఆహేరి, సిరొంచ అడవుల టేకు దూలములు తెప్పలుగా కట్టబడి రాజమహేంద్రవరమునకు పోయెడివి గదా, అది పొడవున పోవుట కాదా యని. నిజమే, పోయెడివి. వరదనీరు ఆ రాతిమెట్టలను కప్పినపుడు దూలము వానిపై సాగిపోగలదు. అయితే అచట తోలునది నీరు. మనుష్యుడు తెప్పను ఒడ్డునకు తగులకుండ చూచుకొనును గాని, దానిని మరల ఎగువకు తేలేడు. ఆ తెప్ప దిగువను చేరి కలపయై అమ్ముడుపోవును. తెలుగున దీనికి ‘తేలవిడుచుట’ అను చక్కని మాట కలదు. ‘విడుచుట’యే గాని ‘నడుపుట’ కాదు. లాటిను ‘అగెరె’కు ఇది సరిపోదని పాఠకులు ఇదివరకే గ్రహించియుందురు.

నివేదికల భాష మాత్రము మాసిపోలేదు. 2008లో నాలుగవ జాతీయ జలమార్గమును ప్రకటించినపుడు గోదావరిలో రాజమహేంద్రవరమునుండి భద్రాచలమువరకు గల భాగమును చేర్చిరి. అనగా పడవ పోదగిన నది మొదటి మెట్టకు దిగువనే ఆగినది. 2016 నాటి జాతీయ జలమార్గముల చట్టపు జాబితాలో వైనగంగా ప్రాణహితలను గూడ చేర్చిరి. ఇందును ‘నావిగేషన్’ అనునది చేయదలచిన పనికి పేరే గాని జరుగుచున్న పనికి పేరు కాదు. ఇంతలో ఇంజనీరుల చూపు పడవనుండి నీటికి మరలినది. 2019 జూను 21న ప్రారంభింపబడిన కాళేశ్వరము ఎత్తిపోతల పథకమున మేడిగడ్డ కడ నిలిపిన నీటిని పంపులతో అన్నారమునకు, అచటినుండి సుందిళ్లకు, గోదావరి వాలునకు ఎదురుగా ఎగువకు తోలిరి. కాటన్ పడవలను తోలదలచిన దిక్కునకు నీటినే తోలిరన్నమాట. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజి స్తంభములు కొన్ని కుంగినవి. అది ఇంజనీరింగు చరిత్రకు చెందిన వేరు ప్రకరణము.

పరిశోధక విద్యార్థులు ఈ నివేదికలను తెనిగించునపుడు ఒక్క ‘నౌకాయానము’తో సరిపెట్టుకొనకుండ, వాక్యమున ఏది ఉద్దిష్టమో చూచి మాటను ఎన్నుకొనవలెనని మా మనవి. ‘అప్పర్ గోదావరి నావిగేషన్ వర్క్స్’ అనుచోట ‘జలమార్గ నిర్మాణపు పనులు’ అనుట యుక్తము. 1860 నాటి ఒడంబడికలో ‘పడవల రాకపోకలు’ అనవచ్చును. ఒక నది ‘నావిగబుల్’ అని యున్నచోట, ఏ నెలలలో, ఏ ఊరినుండి ఏ ఊరివరకు, ఎంత బరువుగల పడవకు అని ఆ నివేదికయందే వెదకి, దొరకినచో దానిని గూడ వ్రాయవలెను. కాళేశ్వరము, సిరొంచల నడుమ పడవను గూర్చి చెప్పిన చోట ఆంగ్లేయుడు సాధారణముగా ‘ఫెర్రీ’ అని వేరుమాటను వాడును. దానిని మాత్రము నిస్సంకోచముగా ‘రేవు దాటుట’ అని వ్రాయవచ్చును.